మూసేసిన పొగగూడు

మొన్న జగదల్‌పూర్‌లో ఛాతీ డాక్టరు నా ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, బీడీలు తాగేవారా అని అడిగాడు. ఈ వయసులో వినాల్సిన మాటేనా అని ముఖం ముడుచుకున్నాను. చిన్నప్పుడు కట్టెల పొయ్యేనా, ఇంట్లో పొగ పోయే దారి ఉండేదా అని మళ్ళీ అడిగేసరికి, మా ఇంటి పాత సంగతులు ఇతని చెవిన ఎవరు వేశారా అని పక్కనున్న మనుమరాలిని అనుమానంగా చూశాను. పాపం, దానికేం తెలుసు! కట్టెల పొగలో కంటికి ఆనని నుసి ఉంటుందట, అది ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగి కూర్చుంటుందట. అతను చెబుతూనే ఉన్నాడు, నేను మాత్రం భోపాలపట్నంలోని మా వంటింటికి వెళ్ళిపోయాను.

అప్పటికి బస్తరు ఇంకా సంస్థానమే. నాన్నది ఉప్పు, బట్టల కొట్టు. మట్టిగోడల వంటింట్లో పొయ్యికి పైన అటక, దాని మీద వానాకాలానికి దాచిన కట్టెలు, విత్తనాలు, చింతపండు బుట్టలు ఉండేవి. పొగ తగిలితే పురుగు పట్టదని నాయనమ్మ నమ్మకం. మన తరం వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, పొగ లేచే ఇల్లంటే అన్నం ఉన్న ఇల్లని లెక్క. అలాంటి పొగను ఎవరు మాత్రం అనుమానిస్తారు?

అందుకే అమ్మకు దగ్గు పట్టుకున్నప్పుడు మా వాళ్ళ అనుమానం మనుషుల మీదికి పోయింది. అడవి పల్లె నుంచి కట్టెలమోపు తెచ్చే ఒక ముసలామె, మా కప్పు మీద పాకిన సొరపాదును చూసి, కాయొకటి ఇమ్మని అడిగిందట. అమ్మ కోసి ఇచ్చింది. ఆ వానల్లోనే దగ్గు మొదలైంది.

"నిప్పు లేంది పొగొస్తదా? అది కాయ అడిగిన కాడి నుంచే గదా కోడలికి ఈ దగ్గు! కప్పు దిక్కు చూసుడేంది దానికి?" అని నాయనమ్మ వీధి వీధంతా చాటింది.

మంత్రగాడిని పిలిపించారు. పంపిన చేతబడి పై నుంచే దిగుతోందని, పొయ్యికి పైన కప్పులో పొగ పోయే పొగగూడు మూసేయమని అతను చెప్పాడు. నాన్న ఆ పూటే పలకలు అడ్డంపెట్టి, సందులు లేకుండా బంకమట్టి మెత్తాడు. ముసలామె మా వీధికి రాకూడదన్నారు, ఆమె కట్టెలు ఎవరూ కొనలేదు. ఆమె తర్వాత ఏం తిని బతికిందో మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అమ్మ మాత్రం ఆ మూసిన గదిలో, పచ్చి కట్టెలు ఊదుతూ, కళ్ళు తుడుచుకుంటూ వండుతూనే ఉండేది.

దసరా వెళ్ళాక నన్ను తోడిచ్చి అమ్మను తర్లగూడలోని పుట్టింటికి పంపారు. అక్కడ అమ్మమ్మ వంట పెరట్లో, నాలుగు గుంజల పందిరి కింద. కొన్నాళ్ళకే అమ్మ దగ్గు తగ్గింది, నాతో కలిసి ఏటి దాకా నడిచేది. అది తెలిసి నాయనమ్మ, చూశారా, ఆ ముసలిదాని చూపు దాటితే ఎంత బాగుందో అన్నది. అందరూ తలలూపారు. అమ్మ తిరిగొచ్చింది, దగ్గూ తిరిగొచ్చింది. నాన్న ఇంకో పూత మట్టి మెత్తాడు.

ఇప్పుడు ఆ వీధిలో గ్యాసు బండలు వచ్చాయి, అటకలు పోయాయి, చేతబడి మాటెత్తితే మనుమలు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ డాక్టరు మాటనైనా నేను పూర్తిగా నమ్మానని చెప్పను, అమ్మది క్షయేమో, మరేదో, ఎవరు చూశారు? కానీ మరుసటి వానల్లో అమ్మ మంచం పట్టినప్పుడు, ఆ ముసలామె వస్తుందేమోనని వాకిలి వైపే బెదురుగా చూసేది. ఆ భయం తీరాలని మేము తలుపు బిగించి, చలి తగలకుండా మంచం పక్కనే కుంపటి పెట్టి, దిష్టి పోవడానికి అందులో పచ్చి వేపాకు వేసి, ఎంతో ప్రేమగా ఆ పొగను అమ్మ ముఖం వైపు విసనకర్రతో విసిరాం.