కాశ్మీరు లోడు పక్కింటికి పోయిన రోజు

నా చిన్నప్పుడు ఆపిల్ పండంటే మా నాన్న, మా బాపు తెచ్చేదే. వరంగల్ నుంచి కాశ్మీరుకు మిర్చి లోడు తీసుకెళ్లే లారీకి ఆయన డ్రైవరు. చలికాలంలో ఆయన తిరిగొచ్చిన రోజున వాడకట్టు పిల్లలంతా మా వాకిట్లోనే ఉండేవారు. ఎవరికి ముందు పండు ఇవ్వాలో నేనే చెప్పేదాన్ని.

ఒక ఏడాది బాపు మోకాలు దెబ్బతింది. అంత దూరం నడపలేడని లారీ సేటు ఆయనను దగ్గర్లోని నర్సంపేట పత్తి లోడ్లకు మార్చి, కాశ్మీరు ట్రిప్పు బాపుకు తమ్ముడి వరసైన పక్కింటి కాకకు ఇచ్చాడు. నా ఈడుదే అయిన కాక కూతురు "మా నాయిన కాశ్మీరు పోతాండు" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకొచ్చింది. నాకు కడుపు మండిపోయింది. అన్నం సయించలేదు. కాక దారిలోనే ఆగిపోవాలని, సేటు మళ్లీ మా బాపునే పిలవాలని కోరుకున్నాను.

ఎలా ఆగిపోతాడో కూడా నాకు తెలుసు. కొండల మీది చలికి ఇక్కడి డీజిల్ పేరుకుపోయి బండి కదలదని బాపు ఎన్నోసార్లు చెప్పాడు. పరాయి ఊరి బంకుల మీద నమ్మకం లేని మన డ్రైవర్లు ఇక్కడే డ్రమ్ములు నింపుకుని, వాటిని కొండదారి కోసం దాచుకునేవారు. కాక కూడా లారీకి రెండు డ్రమ్ములు కట్టించాడు. అది చూసి లోపల్లోపల సంతోషపడ్డాను.

మర్నాడు పొద్దున్నే బాపు కొబ్బరినూనె సీసా పట్టుకుని, కుంటుకుంటూ పక్కింటికి బయలుదేరాడు. నేనూ వెనకే వెళ్లాను. బాపు ఆ సీసాను కాక అరచేతిలో బోర్లించాడు. ఒక్క చుక్క కూడా రాలేదు.

"సూడు తమ్మీ, మన వరంగల్ చలికే నూనె గిట్లయింది. కొండ మీద మన డీజిల్ గూడ గిట్లనే అయితది. డ్రమ్ములల్లది కొండ కిందనే వాడి ఒడగొట్టు. ఎక్కేముందు చలికి తట్టుకునే అక్కడి డీజిల్ పోయించుకో, జర కిరోసిన్ కలుపు. బండి ఆగినా ట్యాంకు కింద మంట మాత్రం పెట్టకు. వేడినీళ్లల్ల ముంచిన బట్ట ఫిల్టర్‌కు చుట్టు."

ఇంటికి రాగానే బాపు మీద విరుచుకుపడ్డాను. "ఎందుకు చెప్పినవ్? కాక ఆగిపోతే ట్రిప్పు నీకే వస్తుండె గదా!"

బాపు మోకాలు రుద్దుకున్నాడు. "నాకు మండుతలేదనుకున్నవా బిడ్డా? రాత్రంతా నిద్ర పట్టలే. అందుకే పొద్దుగాల్నే పోయి చెప్పిన. జర ఆగితే నాకు గూడ చెప్పబుద్ధి కాకపోవు."

కాక క్షేమంగా తిరిగొచ్చాడు. ఆ సారి పండ్లు పంచింది ఆయన కూతురు. దాని చేత్తో ఇచ్చిన పండు నాకు రుచించలేదు. బాపు మాత్రం కాక పక్కనే కూర్చుని మంచు కబుర్లన్నీ విన్నాడు. మధ్యమధ్య నేల చూపులు చూశాడు.

ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు. అసూయ మాత్రం నన్ను వదలలేదు. మొన్న మా వీధిలో ఒక పిల్ల కొత్తగా కుట్టుమిషన్ పెట్టింది. ఏళ్లుగా నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆవిడ అక్కడికి వెళ్లిందని తెలిసి ఒళ్లు మండింది. కత్తెర పక్కన పెట్టి వెంటనే ఆ పిల్ల దగ్గరికి వెళ్లాను. చంక దగ్గర పట్టేయకుండా బట్ట ఎలా కత్తిరించాలో చూపించాను. పొద్దుగూకే దాకా ఆగితే వెళ్లేదాన్ని కాదు, నా సంగతి నాకు తెలుసు.