మందు వెయ్యని మడులు

జీవశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తి కావాలంటే ఏమేం చెయ్యాలో మా విశ్వవిద్యాలయం ఒక కాగితం మీద రాసిచ్చింది. కోర్సువర్కు పరీక్షలు పాసవ్వాలి, ఆరు నెలలకోసారి కమిటీ ముందు నిలబడాలి, రెండు పరిశోధన పత్రాలు అచ్చవ్వాలి, పొలంలో ప్రయోగమైతే రెండు పంటకాలాల లెక్కలుండాలి, చివర్లో అందరి ముందూ వైవా. రైతుకు జాలిగుండె ఉండకూడదని మాత్రం అందులో ఎక్కడా లేదు. అది నేను సొంతంగా కనిపెట్టాను.

నా అంశం పసుపులో దుంపకుళ్లు. మేలు చేసే ఒక బూజు దాన్ని ఆపుతుందా అన్నది ప్రశ్న. రుద్రంగిలో ఒక రైతు తన చేనులో ఆరు మడులు ఇచ్చాడు. మూడింటికి ఆ బూజు మందు వేశాను, మూడింటికి ఏమీ వెయ్యలేదు. ఏమీ వెయ్యనివి కుళ్లితేనే నా మందు పనిచేసినట్టు తేలుతుంది. మొదటి ఏడాది అవి ఎంతో బాధ్యతగా కుళ్లాయి.

రెండో ఏడాది జగిత్యాల నుంచి కోరుట్ల పోయి, బస్సు మారి రుద్రంగి చేరి మొక్కలు లెక్కపెట్టాను. మందు లేని మడులు మందు వేసినవాటికన్నా పచ్చగా ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. మొక్కలు మనసు మార్చుకోలేదు.

"కాకా, గీ మూడిటికి ఏమన్న ఏసినవా?" అని రైతును అడిగాను.

"ఏమెయ్యలే బిడ్డా. ఎయ్యొద్దంటివి గద."

"మరి గిట్లెట్ల ఉన్నయి?"

ఆయన కాసేపు మబ్బుల దిక్కు చూశాడు. "ఎయ్యలేగని, సుట్టు కాలువ తీసిన. ఆననీళ్లు నిలుస్తున్నయి. మూడిటికేమో నువ్వు మందు పోస్తివి, గివేం పాపం జేసినయి? కండ్ల ముంగట కుళ్లుతుంటె సూస్కుంట గూసోవాల్నా?"

కలుపు తీస్తున్న ఆయన భార్య తలెత్తకుండానే అంది: "నాకు జరమొస్తె గోలి తెచ్చెటందుకు రెండు దినాలు జేసిండు. పసుపుకైతే తెల్లారంగనే పార వట్టిండు."

థీసిస్ గడువు దగ్గరికొచ్చింది. ఆ ఏడు రోగం రాలేదని రాసేస్తే అడిగేవాళ్లు లేరు. నిజం చెబితే ఇంకో ఏడాది పోతుంది. రుద్రంగి నుంచే సిరిసిల్ల బస్సెక్కి ఇంటికి పోయి, మరమగ్గం మీద పనిచేసే మా నాన్నకు చెప్పాను.

"పోగు తెగినకాడ మగ్గం ఆపి ముడేస్తం," అన్నాడు. "సూడనట్టు నడిపిస్తె, గజం పోయినంక బట్ట కొనే సేటే సూస్తడు." తర్వాత అన్నం తిన్నావా అని అడిగాడు. సలహా అంతవరకే.

కమిటీకి నిజమే చెప్పాను. మా గైడ్ మేడం నవ్వి, "ఇంకో మూడు మడులు అడుగు. వాటికి కాలువ మాత్రమే," అంది.

రైతు తొమ్మిది మడులు ఇచ్చాడు. ఈసారి మందూ కాలువా లేని మూడు మడుల దిక్కు చూడకుండా ఉండటానికి, ఆ ఏడాదంతా చేనుకు వెనకదారిన చుట్టు తిరిగి వచ్చాడట. అవి మళ్లీ కుళ్లాయి. వట్టి కాలువ తీసినవి నా మందుతో సమానంగా నిలబడ్డాయి. ఆ లెక్కల కాగితాన్ని కోరుట్ల బస్టాండులో ఐదుసార్లు తీసి చూసుకున్నాను. ఎగిరి గంతెయ్యాలనిపించింది. బస్టాండు కాబట్టి ఇంకో చాయ్ చెప్పాను.

జగిత్యాలలో వైవా నాడు రైతు ఇస్త్రీ చొక్కాతో మొదటి వరసలోనే కూచున్నాడు, మా నాన్న పక్కన. గంటకు పైగా ప్రశ్నలయ్యాక, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు సంతకానికి పెన్ను తీసి, సభలో ఎవరైనా అడగవచ్చన్నాడు. నియమం అది, మామూలుగా ఎవరూ అడగరు.

రైతు లేచాడు.

"ఆ ఉత్త మడులు రెండేండ్లు నీ సదువుకోసం కుళ్లినయి బిడ్డా. ఇగ నీ పని అయినట్టే గద. వచ్చే ఆనకాలం వాటికి గూడ కాలువ తియ్యొచ్చునా?"

పరీక్షకుడు పెన్ను పట్టుకుని నా జవాబు కోసం ఆగాడు.

"తియ్యొచ్చు కాకా," అన్నాను. పరీక్షకుడు సంతకం పెట్టాడు. మొత్తం వైవాలో నేను తడుముకోకుండా చెప్పిన జవాబు అదొక్కటే.