బావ వేలికి నీలం

ఎల్లారెడ్డిలో నర్సుగా చేస్తూ చీము, నెత్తురు, కుళ్లిన పుండ్లు ఎన్నో చూశాను. ఏనాడూ అసహ్యపడలేదు. పుండు ఏం చేస్తుంది పాపం? నాకు రోత పుట్టించింది మా బావ వేలికున్న నీలం ఉంగరం. ఇప్పటికీ నగల దుకాణంలో అద్దం వెనక నీలిరాయి కనబడితే మొహం తిప్పుకుని వచ్చేస్తాను.

బావ అంటే మా ఆయనకు అన్న. లింగంపేటలో మక్కలు, వడ్లు కొని అమ్మే వ్యాపారం. రెండేళ్లు వరసగా దెబ్బతిన్నాడు. కామారెడ్డిలో జాతకాలు చెప్పే మనిషి ఉన్నాడని ఆయనకు చెప్పింది నేనే. అంతకుముందు బిచ్కుంద నుంచి బదిలీ రాక ఏడుస్తున్న రోజుల్లో నేనే ఆ గుమ్మం తొక్కాను. నెలలోపు వస్తుందన్నాడు, వచ్చింది. ఇల్లంతా గొప్పగా చెప్పుకున్నాను. నలుగురికి సూదిమందు ఇచ్చే దాన్ని! తలుచుకుంటే నా మీద నాకే ఏవగింపు.

బావకు ఏలినాటి శని అన్నాడట. నడిమి వేలు శనిది కాబట్టి నీలం దానికే పెట్టాలట. మిగతా రాళ్ల లాంటిది కాదట అది, పడితే రాజ్యమిస్తుంది, పడకపోతే మూడు రోజుల్లో ముంచుతుంది. అందుకని బావ ఆయన దగ్గరే కొన్న ఉంగరాన్ని మూడు రాత్రులు దిండు కింద పెట్టుకొని పడుకున్నాడు. పీడకలలు రాలేదు. శనివారం పొద్దున కుడిచేతికి తొడుక్కున్నాడు. ఆ పంటకు మక్కల ధర పెరిగింది. మండలంలో అందరికీ పెరిగింది, కానీ బావ మాత్రం తన వేలినే చూసుకుని మురిసిపోయాడు.

మరుసటేడు సంచి కుడుతుంటే దబ్బనం అదే వేలికి గుచ్చుకుంది. షుగరున్న మనిషి. మాకు చెప్పలేదు. పది రోజుల తర్వాత ఒక ఆదివారం భోజనానికి పిలిస్తే పోయాం. విస్తళ్లు వేశారు, కోడికూర వడ్డించారు. కూర వాసనను మించి ఇంకో వాసన వస్తోంది. చూస్తే బావ కుడిచేతికి ప్లాస్టిక్ కవరు కట్టుకుని, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు.

"ఏమైంది బావా?"

"ఏంలేదమ్మా, జర దబ్బనం గుచ్చింది."

కవరు విప్పాను. ఉంగరం కనబడలేదు. రెండు పక్కలా ఉబ్బిన కండ వెండిని మింగేసింది. పైన రాయి ఒక్కటే మెరుస్తోంది. దాని అంచుల నుంచి పసుపూ చీమూ కలిసి కారుతున్నాయి.

"ఇప్పుడే కోసి తియ్యాలె" అన్నాను.

మా యారాలు, అంటే బావ భార్య, చప్పున అడ్డం వచ్చింది. "అట్లనకు చెల్లె! ఉంగరం కోస్తె ఇల్లు ఆగమైతదట."

ఆ జాతకాలాయనకు ఫోన్ చేసి అందరికీ వినబడేలా పెట్టారు. "శనివారం దాక ఆగుండ్రి. మధ్యల తీస్తె నాకు సంబంధం లేదు" అన్నాడు. బావ ఫోన్ పక్కన పెట్టి మళ్లీ చెంచా అందుకున్నాడు. నేను పెరట్లోకి పోయి కక్కుకున్నాను. "నర్సువేనా నువ్వు?" అని యారాలు నవ్వింది. మా ఆయన పొద్దుగూకే దాకా అన్నను బతిమాలాడు. ఆయన కదల్లేదు.

శనివారానికి వేలికొస నల్లబడింది. అప్పుడు మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. చెయ్యి నేను పట్టుకుంటే డాక్టరు చిన్న రంపపు చక్రంతో ఉంగరం కోశాడు. దాంతోపాటు తోలు ఊడొచ్చింది. అదే రోజు కామారెడ్డికి పంపాం. అక్కడ వేలు తీసేశారు.

మూడోరోజే యారాలు జేబురుమాలులో కట్టిన ఉంగరం ముక్కల్ని నా చేతిలో పెట్టింది. "అతికించుకరా చెల్లె. ఇగ ఎడమచేతికి పెట్టుకుంటడు."

నేను తీసుకున్నది అతికించడానికి కాదు, అదేంటో తెలుసుకోవడానికి. కామారెడ్డి బజారు సందులో ఒక ముసలాయన రాళ్లు పొదుగుతాడు. నిజాం కాలం నుంచి వాళ్లింటి పని అది. మూట విప్పగానే మొహం వెనక్కి తీసుకున్నాడు.

"ఏంది బిడ్డా గీ వాసన?"

చెప్పాను. ఆయన దాన్ని స్పిరిట్లో వేసి కడిగాడు. రాయి ఊడదీసి భూతద్దం పెట్టి చూసి, నన్నూ చూడమన్నాడు. లోపల సన్నటి బుడగలు.

"గాజు. మెరిసేటందుకు ఎన్క రేకు అతికించిండ్రు."

ఆ రేకు నిండా చీము ఎండి ఉంది. ఆయన డబ్బీలోంచి కందిబద్దంత రాయి తీసి నా అరచేతిలో వేశాడు. "ఇది అసలు నీలం. కెంపుకు సొంత చెల్లె. రాయి ఒక్కటే, రంగే వేరు. వజ్రం తప్ప దేంతోని గీత పడదు. సిలోన్ నుంచి వస్తది. రంగు సన్నగుంటే కొలిమిల కాలుస్తరు, చిక్కనైతది."

చల్లగా ఉంది. అందంగానూ ఉంది. వెంటనే తిరిగి ఇచ్చేశాను.

"మా అబ్బా ఒక్క నీలాన్ని నలుగురికి అమ్మిండు" అని తండ్రిని తలుచుకుని నవ్వాడాయన. "ఇంట్ల కోడి సచ్చినా భయపడి, సగం ధరకు తెచ్చిచ్చేటోళ్లు. మల్ల ఇంకొకలకు అమ్మేటోడు."

"తప్పనిపియ్యలేదా?"

"మేము రాయే అమ్మినం బిడ్డా. భయం వాళ్లే తెచ్చుకున్నరు." ఆ మాటన్నాక ఆయనే తల దించుకుని పనిలో పడ్డాడు.

అక్కడి నుంచి నేరుగా జాతకాలాయన ఇంటికి పోయాను. ముందు గదిలో జనం నిండా ఉన్నారు. గాజుముక్కను ఆయన ముందు పెట్టాను. ముట్టుకోలేదు.

"ప్రాణానికి వచ్చింది వేలితో పోయింది. సంతోషపడాలమ్మా" అన్నాడు. తర్వాత అందరూ వినేలా, "మీ బదిలీ నేను చెప్పినట్టే అయింది కదా? కొత్త చోట బాగుందా?" అని అడిగాడు.

గదిలోని తలలన్నీ నా వైపు తిరిగాయి. అందరి కళ్లలో ఆశ. దులిపేద్దామని పోయినదాన్ని గాజుముక్కను తిరిగి మూట కట్టుకున్నాను. మెట్లు దిగి వచ్చేశాను. ఆయన మీద ఎంత రోత కలిగిందో, నా మీద అంతకు రెట్టింపు కలిగింది.

గాజని బావకు చెప్పాను. "గాజైతేంది? పూజ చేసిండు గద. ఏలు పోయింది గని పానం నిలబడ్డది" అన్నాడు. యారాలు పైకి చూసి దండం పెట్టింది.

రెండు నెలలు కట్లు కట్టాను. పుండు మానేసరికి ఎడమచేతి నడిమి వేలికి ఇంకో నీలిరాయి వచ్చింది. ఆ ఇంట్లో నేను అన్నం ముట్టడం మానేశాను. మా ఆయన తింటాడు, అన్న ఇల్లు కదా. షుగర్ పరీక్షకు మాత్రం బావను మూడు నెలలకోసారి విడవకుండా పిలుస్తాను. శనివారం నెత్తురు తీయొద్దంటాడు. సరే, సోమవారం పరగడుపున రమ్మంటాను. వస్తాడు.