రెండో డివిజన్ అన్న

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు ఫోన్‌లో జర్మనీ వాళ్ల ఫుట్‌బాల్ చూస్తూ, పక్కనే మిరపకాయల తొడిమలు తీస్తున్న నన్ను పిలిచి ఒక ఆటగాణ్ని చూపించింది. నెత్తిన సగం జుట్టు లేదు, మోకాలికి పట్టీ. "అమ్మమ్మా, ఈయన పెద్ద డివిజన్‌ల ఒక్కసారి గూడ ఆడలే. ఎప్పుడూ రెండో డివిజనే. ఇయ్యాలతోటి ఆట బంద్ చేస్తుండు. అయినా చూడు, ఎట్ల చప్పట్లు కొడుతున్నరో!" అంది. స్టేడియం అంతా లేచి నిలబడింది. ఆయన ఏడుస్తున్నాడు, మా పిల్లకూ కళ్లనీళ్లు తిరిగాయి. నాకు మాత్రం కడుపు మండింది. ఆ పరాయి దేశపు మనిషి నీకేం చేశాడని మీరడగవచ్చు. పాపం, ఆయనేమీ చేయలేదు. మా అన్న గుర్తొచ్చాడు. మా అన్న కూడా రెండో డివిజన్ ఆటగాడే.

మాది జనగామ బజారులో కిరాణా దుకాణం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులూ కాలేజీలూ నెలల తరబడి మూతపడ్డప్పుడు అన్న కాలేజీలో ఉన్నాడు, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. పనిలేని మగపిల్లలంతా రైలు పట్టాల అవతలి మైదానంలో బంతి తన్నడం మొదలుపెట్టారు. నేను ఇంట్లో పప్పులో రాళ్లేరాను. తలుపులు మళ్లీ తెరిచాక అన్న కాలేజీకి వెళ్లాడు, బంతినీ వదల్లేదు. నా సంగతి వచ్చేసరికి బాపు, "ఎట్లాగూ ఒక యేడు పాయె. ఆడపిల్లకు గీ సదువు సాలు తియ్" అన్నాడు. లెక్కల్లో నేను క్లాసుకు ఫస్టు. అన్నకు లెక్కలంటే జ్వరం వచ్చేది. అయినా నేను తలూపి వంటింట్లోకి వెళ్లిపోయాను. పెద్దవాళ్లకు ఎదురు చెప్పని పిల్లనని చుట్టాలంతా మెచ్చుకున్నారు కూడా.

ఇక అన్న వైభవం చూడాలి. గుడ్డు తినకపోతే కాళ్లల్లో బలం రాదని డ్రిల్లు సారు చెప్పాడట. కార్తీకమాసంలో ఉల్లిగడ్డను కూడా గడప దాటనివ్వని మా అమ్మ, పెరట్లో బావి వెనక మూడిటుకలు పేర్చి, పాత సత్తు గిన్నెలో వాడికి రోజూ కోడిగుడ్డు ఉడకబెట్టేది. తర్వాత తలమీద నీళ్లు పోసుకొని గానీ వంటింట్లోకి వచ్చేది కాదు. ఆ కాసేపూ బాపు వీధి అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకొని కూర్చునేవాడు. ఇంట్లో గుడ్డు ఉడుకుతున్న సంగతి దేశంలో ఆయనొక్కడికే తెలియనట్టు! నాకు గుడ్డు మీద ఆశ లేదు, ఆ వాసనకే వాంతి వచ్చేది. కానీ ఇంటి ఆచారాలన్నీ వాడి కోసం వంగుతుంటే చూడలేక చచ్చేదాన్ని.

కాలేజీ అయ్యాక అన్నను సికింద్రాబాద్‌లో ఒక రెండో డివిజన్ జట్టు తీసుకుంది. శనివారం ప్యాసింజరు బండెక్కి పోయి, ఆదివారం చీకటిపడే వేళకు దిగేవాడు. వాడు లేకపోతే జట్టే లేదన్నట్టు కబుర్లు చెప్పేవాడు, బజారంతా నోరు తెరుచుకొని వినేది. అందరి బట్టలూ చాకలికి వేసే అమ్మ, వాడి నీలం అంగీ మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. సోమవారం పొద్దున్నే తానే ఉతికి, తడిక చాటున ఆరేసేది. కొడుకు చెమట కూడా ఆమెకు గంధమేనని నేను లోలోపల పళ్లు నూరేదాన్ని.

తర్వాత నన్ను మహబూబాబాద్‌కు ఇచ్చారు. అక్కడివాళ్లు పిలిచినట్టు మానుకోట అంటేనే నాకు సొంత ఊరిలా ఉంటుంది. ఒక వానాకాలం అన్న జట్టు అక్కడికి పోటీలకు వచ్చింది. అత్తింటి వాళ్లందరినీ వెంటబెట్టుకొని వెళ్లాను. మైదానమంతా ఎర్ర బురద. ఆడేవాళ్లు ఎవరెవరో పోల్చుకోలేనంతగా మురికయ్యారు. అన్న ఒక్కడే గీత అవతల బల్ల మీద, ఇస్త్రీ చెడని అంగీతో, పెళ్లికొచ్చినవాడిలా కూర్చున్నాడు. "మీ అన్న ఎప్పుడు దిగుతడు?" అని మా ఆయన రెండుసార్లు అడిగి, మూడోసారి మర్యాదకు ఊరుకున్నాడు. ఆట అయిపోయింది, అన్న దిగలేదు. సిగ్గుపడాల్సింది పోయి నా కడుపు చల్లబడింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

వారం తిరక్కుండా జనగామ వెళ్లాను. పెరట్లో పొయ్యి మీద గుడ్డు ఉడుకుతోంది.

"అమ్మా, అన్న ఆడుతలేడు. బల్ల మీద కూసోబెడుతున్నరు" అన్నాను.

అమ్మ తలెత్తలేదు. "అంగీ ఉతికేదాన్ని, నాకెరుక లేదా బిడ్డా? గట్ల మురికి అంటకుంట వచ్చే అంగీని చాకలి చేతికిస్తే బజారంత చెప్పడా?"

గంధమనుకున్నది ఇదన్నమాట. "మరి గా గుడ్డెందుకే?" అన్నాను చివరికి.

"ఇయ్యాల గాకుంటె రేపు ఆడుతడు."

అప్పుడు ఆగలేకపోయాను. "నన్నెందుకు బడికి పంపకపోతిరి? నేను పాసయ్యేదాన్ని గదనే!"

అమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "నువ్వు ఏడ్వలే గద బిడ్డా. గమ్మున తలూపి లోపటికొచ్చినవ్. బంతి ఆట బంద్ చెయ్యమంటె గాడు రెండు రోజులు అన్నం ముట్టలే."

అన్న మరికొన్నేళ్లు ఆ బల్ల మీదే కూర్చుని, మోకాలు నొప్పంటూ ఆట మానేశాడు. ఎనభైలలో భూపాలపల్లిలో బొగ్గు బాయిలు తవ్వుతున్నారంటే అక్కడ దుకాణం పెట్టాడు. అక్కడ వాడి పేరు ఫుట్‌బాల్ సేటు. ఒక్క గోలూ కొట్టకుండా సంపాదించిన ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాడు గెలిచుంటే ఇంత అసూయ ఉండేది కాదేమో. అన్ని ఆదివారాలు ఓడిపోయి ఇంటికొచ్చినా వాడికి పొయ్యి వెలుగుతూనే ఉంది. కాలం అందరికీ ఒకటేనంటారు. మా ఇంట్లో మాత్రం రేపు అనేది అన్నకు పదేళ్లపాటు రోజూ వచ్చేది. నాకు తలూపినంత సేపట్లో అయిపోయింది.