లేనిదానికి రెండు

మా బావమరిది ఎలియాజరు విశాఖపట్నం జిల్లాలో ఉన్న సర్కారు బడులన్నింటినీ ఒక్క మధ్యాహ్నంలో, అన్నం తిన్న చెయ్యి ఆరకముందే, తనిఖీ చేసి మార్కులు వేసేశాడు. ఒక్క బడి గడప కూడా తొక్కలేదు.

సరే, జిల్లా అంతా కాదు. ముప్పై నాలుగు బడులు. ఒక్క మధ్యాహ్నమూ కాదు, తొమ్మిది రోజులు పట్టింది, అందులో ఒక ఆదివారం చర్చికి పోయింది. చిన్నప్పుడు నాకు చదువు చెప్పిన కాన్వెంటు సిస్టర్లు, ఆడిన అబద్ధాన్ని ఆ పూటే ఒప్పేసుకోమనేవారు. అందుకని ఇంతవరకు ఒప్పుకుంటున్నాను. గడప తొక్కలేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఎలియాజరు అనకాపల్లి స్టేషన్లో పార్శిల్ గుమాస్తాగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి 2004లో రిటైరయ్యాడు. పార్శిల్ ఆఫీసులో మూట విప్పకూడదు. చీటీ మీద ఏం రాసి ఉంటే లోపల అదే ఉన్నట్టు. చీటీ మీద మామిడిపళ్లు అని రాసి ఉంటే, లోపలినుంచి కోడి కూసినా సరే, పుస్తకంలో మామిడిపళ్లనే ఎక్కించాలి. ఈ కోడి సంగతి నేను కల్పించింది కాదు, ఒకసారి వాడే చెప్పాడు. ఇప్పుడు అడిగితే అది మేక అంటాడు. మొత్తానికి ముప్పై ఒక్క ఏళ్లలో వాడి మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కూతురికి పెళ్లి సంబంధం వస్తే బయోడేటా రెండుసార్లు చదివి, ఆ తర్వాతే ఎదురుగా కూర్చున్న పెళ్లికొడుకు వైపు తలెత్తి చూసేవాడు.

ఆ కూతురి పేరు రోజలిన్. వాడికి ఒక్కతే. టీచర్ ట్రైనింగు పూర్తిచేసి, ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, మూడేళ్లు కష్టపడి చదివి, 2007లో డీఎస్సీలో సెలెక్టయింది. సర్కారు టీచరుద్యోగం. ఏ ఊరి బడి కావాలో కౌన్సెలింగు రోజున అభ్యర్థులే చెప్పాలి. ర్యాంకు వరసన పిలుస్తారు. ముందు పిలిచినవాళ్లు తీసుకోగా మిగిలినవాటిలో ఒకటి అక్కడికక్కడే కోరుకోవాలి. ఖాళీలున్న బడుల జాబితా మాత్రం పదిరోజుల ముందే గోడకు అంటించారు.

ప్రతి సర్కారు బడి వివరాలూ ఇంటర్నెట్లో ఉంటాయని, ఎవరైనా చూసుకోవచ్చని ఎలియాజరుకు అప్పుడే ఎవరో చెప్పారు. ఏటా హెడ్మాస్టర్లు ఒక ఫారం నింపి పైకి పంపుతారు. గదులెన్ని, పిల్లలెందరు, నీళ్లున్నాయా, మరుగుదొడ్డి ఉందా అన్నీ అందులో ఉంటాయి. పైఆఫీసులో దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. ఒక్కో బడికీ ఒక్కో పేజీ. ఎలియాజరుకు ఇంతకంటే ఏం కావాలి? బడికొక చీటీ.

మెయిన్ రోడ్డులో నెట్ సెంటరుకు వెళ్లి, రోజలిన్ ర్యాంకుకు అందుతాయనుకున్న ముప్పై నాలుగు బడుల పేజీలూ ప్రింటు తీయించాడు. పొడుగు నోటు పుస్తకంలో గీతలు గీశాడు. మరుగుదొడ్డికి ఇరవై మార్కులు, మంచినీళ్లకు ఇరవై, కరెంటుకు పది, ఇలా మొత్తం వంద. మా ఆవిడ సువార్త వాడికి అక్క. ఒక సాయంత్రం ఆ పుస్తకం అందుకుని పేజీలు తిరగేసింది.

"అన్నీ బాగున్నాయిగానీ, పిల్లలకి చదువొచ్చో రాదో ఏ గడిలో ఉందిరా?" అంది.

"ఆ గడి లేదక్కా," అన్నాడు.

మార్కులన్నీ కూడితే అట్టడుగున తేలిన బడి వేమలగెడ్డది. మాడుగుల దాటి లోపలికి వెళ్లాలి. వందకు ఎనిమిది వచ్చాయి. ఆ ఎనిమిదీ సొంత భవనం ఉన్నందుకు. రోజలిన్ చేతికి ఒకటి నుంచి ముప్పై మూడు దాకా వరస రాసిచ్చాడు. ముప్పై నాలుగోది రాయనే లేదు.

కౌన్సెలింగులో రోజలిన్ పేరు పిలిచేసరికి మిగిలినవి మూడు. రెండు ఏజెన్సీ కొండల మీద, వాటికి బస్సు లేదు. మూడోది వేమలగెడ్డ. రోజలిన్ వేమలగెడ్డ అంది. గోడ పక్కన నిలబడి వింటున్న ఎలియాజరు కూర్చోడానికి కుర్చీ వెతుక్కున్నాడు.

చేరడానికి గడువు ఆ వచ్చే శనివారం. ఆలోపు చేరకపోతే ఉద్యోగం పోతుంది. గురువారం సాయంత్రం తండ్రీ కూతుళ్లిద్దరూ మా ఇంటికి వచ్చారు. అప్పటికే వాళ్ల మధ్య మాటలు లేవు, ఏం చెప్పుకున్నా మా ద్వారానే.

"మరుగుదొడ్డి లేదు, మంచినీళ్లు లేవు, కరెంటు లేదు, ఆటస్థలం లేదు, పుస్తకాలు లేవు, డాక్టరు ఎప్పుడూ రాడు. అది బడేటి బావా, బంజరు. చేరొద్దని చెప్పు. ఇక్కడ స్కూల్లో బాగానే ఉంది కదా," అన్నాడు ఎలియాజరు.

"మావయ్యా, మూడేళ్లు చదివేను. చెట్టుకింద చెప్పమన్నా చెప్తానని నాన్నకి చెప్పండి," అంది రోజలిన్.

"చెట్టున్నట్టు కూడా కాయితంలో లేదు," అన్నాడు వాడు.

రోజలిన్ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి సువార్త బయటికి వచ్చింది.

"ఒరే, లోపల పిల్ల ఏడుస్తంది. మూట విప్పకుండా ముప్పై ఏళ్లు బతికేవు, బాగానే ఉంది. అది రైల్వేవాళ్ల మూట. ఇది నీ కూతురి బతుకు. రేపు వెళ్లి కళ్లతో చూసిరా. చూసొచ్చి వద్దంటే నేనే మానిపిస్తాను. మీ బావని కూడా తీసుకుపో. ఇంట్లో ఉంటే కథలు చెప్పి చంపుతన్నాడు."

అలా శుక్రవారం పొద్దున్న ఇద్దరం మాడుగులలో బస్సు దిగాం. నేను హల్వా కొట్టు వైపు తిరిగాను. వాడు చెయ్యి పట్టుకుని ఆటో వైపు తిప్పాడు. పదకొండింటికి వేమలగెడ్డ బడి ముందు ఉన్నాం.

రెండు గదులు, మధ్యలో ఒక గుమ్మం. ఆ గుమ్మంలో యాభై ఏళ్ల ఆవిడ ఒక కాలు ఈ గదిలో, ఒక కాలు ఆ గదిలో వేసి నిలబడి ఉంది. ఈ గదిలో వాళ్లకి ఎక్కం అందించి, వాళ్లు అది చదివేలోపు తల తిప్పి ఆ గదిలో వాళ్లకి తెలుగు పాఠం చెబుతోంది. ఆవిడే దేముడమ్మ, ఆ బడి టీచరు. ఎలియాజరు చేతిలో కాయితమూ, జేబులో రెండు పెన్నులూ చూసి ఇన్‌స్పెక్టరనుకుంది. ఉన్న ఒక్క మంచి కుర్చీ వాడికి వేయించింది. నాకు బల్ల.

"ఈ బడికి మరుగుదొడ్డి లేదండి," అన్నాడు ఎలియాజరు, కాయితంలోంచి తలెత్తకుండా.

"అదిగోండి, నీలం తలుపుది ఆడపిల్లలది. పక్కది మొగపిల్లలది."

"కాయితంలో లేదండి."

"కాయితంలో ఎందుకుంటాదండి, పెరట్లో ఉంటాది గానీ."

ఎలియాజరు తలెత్తి చూశాడు. నీలం తలుపు ఉంది. మళ్లీ కాయితం చూశాడు.

"మంచినీళ్లు?"

"ముందర బోరింగు, ఎనకాల కుళాయి."

"కరెంటు?"

"రెండు గదులకీ ఉందండి."

"ఆటస్థలం?"

"ముందొకటి, ఎనకొకటి. ఎనకదాంట్లో ఇప్పుడు బెండమొక్కలేసేం."

"పుస్తకాలు?"

"రెండు ట్రంకుపెట్లు. డాక్టరు గారు కూడా ఏడాదికి రెండుసార్లు వత్తారండి, మీరు అడక్కముందే సెప్తన్నాను."

"మరి ఫారంలో ఏటి రాసేరండి?"

ఆవిడ ట్రంకు పెట్టె తెరిచి ఫారం నకలు తెచ్చింది. మరుగుదొడ్డి గడిలో 2. మంచినీళ్ల గడిలో 2. కరెంటు 2, ఆటస్థలం 2, పుస్తకాలు 2, డాక్టరు 2. ఎలియాజరు పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టి పైకి చదివాడు: ఉంటే 1, లేకపోతే 2.

"సదివేనండి. అచ్చుతప్పనుకున్నాను," అంది దేముడమ్మ. "లేకపోతే సున్నా అంటారు గానీ, లేనిదానికి రెండేటండి? ఎక్కడైనా ఉంటాదా? ఉన్నవి లెక్కెట్టి రాసేను."

నేను పెరటి వైపు చూశాను. నీలం తలుపు అవతల ఇటుకలు, సిమెంటు, సగం లేచిన గోడ.

"అక్కడ కడతన్నది ఏటమ్మా?" అన్నాను.

"మూడో మరుగుదొడ్డి బాబూ. మాకు లేదని పైనుంచి మంజూరు సేసేరు. రెండున్నాయండి అని ఉత్తరం రాసేను. రెండంటే లేదనే కదా అన్నారు."

ఆ మూడోదాని గోడ నేను చేత్తో ముట్టుకుని చూశాను. నాలుగోదానికి కూడా ముగ్గు పోసి ఉందని అనకాపల్లిలో చాలామందికి చెప్పాను. అది నమ్మకండి.

ఎలియాజరు ఇంకా ఫారం చూస్తూనే ఉన్నాడు. టీచర్లెందరు అన్న గడిలో 1 ఉంది. ఆ గడికి ఉంటే, లేకపోతేల గొడవ లేదు, ఎందరుంటే అంత రాయాలి. పిల్లలు యాభై ఎనిమిది, తరగతులు అయిదు, టీచరు ఒకరు. పొడుగు నోటు పుస్తకంలో వాడు మార్కులు కేటాయించని గడి అదే.

"మీరొక్కరే ఎన్నాళ్లనుంచండి?" అన్నాడు.

"మూడేళ్లండి. పోయినసారి ఒకబ్బాయిని వేసేరు. ఆఫీసులో ఈ కాయితం సూసేడంట, రానే లేదు. ఇప్పుడు రోజలిన్ అని ఒకమ్మాయిని వేసేరంట, రేపే గడువు. మీరు ఆఫీసోళ్లు కదా, మీకు తెలుత్తాది. ఆ అమ్మాయైనా వత్తాదేటండి?"

ఎలియాజరు కాయితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మాడుగుల నుంచి ఇక్కడికి పొద్దున్న మొదటి ఆటో ఎన్నింటికండి?"

"ఏడున్నరకి. ఎందుకండి?"

"ఆ అమ్మాయి మా అమ్మాయేనండి."

దేముడమ్మ వాడిని ఎగాదిగా చూసింది. "అయితే మీరు ఇన్‌స్పెక్టరు కాదన్నమాట. అనవసరంగా మంచి కుర్చీ ఇచ్చేను," అని పిల్లల వైపు తిరిగి ఎక్కం అందుకుంది.

సాయంత్రానికి ఇద్దరం అనకాపల్లి తిరిగొచ్చాం. ఇంటికి వెళ్లాక కూతురితో ఏమన్నాడో నాకు తెలియదు. శనివారం పొద్దున్న బస్టాండులో రోజలిన్ కొత్త చీరతో నిలబడి ఉంటే, క్యారేజీ వాడి చేతిలో ఉండటం మా ఆవిడ చూసింది.

ఇది జరిగి రెండేళ్లయింది. ఇప్పుడు వేమలగెడ్డలో ఒక్కో గదికి ఒక్కో టీచరు. గుమ్మంలో ఎవరూ నిలబడక్కర్లేదు. ఆ మరుసటి ఏడు ఫారం రోజలిన్ నింపింది. అన్ని గడుల్లో ఒకటి, టీచర్ల గడిలో రెండు. వాడు మళ్లీ నెట్ సెంటరుకు పోయి ప్రింటు తీయించి, మార్కులేసి, తొంభై ఆరు వచ్చాయని చర్చి మెట్ల మీద కనబడ్డవాళ్లందరికీ చూపించాడు.

వాడు మార్కుల్లో మొదటి స్థానం ఇచ్చిన బడిలో చేరిన అమ్మాయి సంగతి కూడా తర్వాత తెలిసింది. అక్కడ మరుగుదొడ్డి ఒకటి ఉన్న మాట నిజమే. దాని తాళంచెవి కూడా ఒకటే. అది ఊరి ప్రెసిడెంటు గారి ఇంట్లో ఉంటుంది.

ఈ కాయితాలు అచ్చుకు పంపేముందు ఎలియాజరుకు చదవమని ఇచ్చాను. కళ్లజోడు తుడుచుకుని, మా వరండాలో కూర్చుని, మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి కూడా నవ్వకుండా చదివాడు. చదివి, నా ఒళ్లో పెట్టాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు బావా," అన్నాడు. "నేను వేమలగెడ్డ వెళ్లలేదు. ఆ కుర్చీలో కూచోలేదు. మా అమ్మాయిని చేరొద్దని నేను ఎప్పుడూ అన్లేదు."