నెహెమ్యా మేస్త్రి వెలుగు గోడ

మండవల్లిలో ఎవరింట్లోకి వెలుతురు ఎటునుంచి రావాలో చెప్పగలిగిన తాపీమేస్త్రి నెహెమ్యా. తాను కట్టుకున్న ఇంట్లో మాత్రం వంటగదికి కిటికీ లేదు. గోడకవతల పాపారావుగారి స్నానాల దడి. అటువైపు కిటికీ పెడితే ఊళ్ళో తలెత్తుకుని తిరగగలడా? మరి ఇంత తెలివైనవాడు వంటగదిని ఇంకో మూల కట్టొచ్చు కదా అంటే, అప్పుడు తట్టలేదు. తలుచుకున్నప్పుడల్లా తన నెత్తిన తానే మొట్టుకునేవాడు.

పట్టపగలు బల్బు వెలగాల్సిందే. కరెంటు పోతే భార్య సారమ్మ తడుముకుంటూ వండేది. రెండు వేల ఆరులో ఏలూరు కంటి డాక్టరు, "మసక వెలుతుర్లో పని చేయకండమ్మా, ఉన్న చూపు కాస్తా పోతుంది" అన్నాడు. తిరుగు బస్సులో నెహెమ్యా మళ్ళీ నెత్తిన మొట్టుకున్నాడు. ఆమె కళ్ళు తీస్తున్నది తన పనితనమే.

ఆ ఆదివారం కూతురు పెర్సిస్ పేపరు చదివి వినిపించింది. పై దేశాల్లో కాంక్రీటులో గాజుపోగులు పరిచి, వెలుగు సాగే గోడలు కడుతున్నారట. అవతల నీడే తప్ప మనిషి కనపడడు. పగలు కరెంటు ఆదా.

"గాజుపోగులు ఇక్కడ దొరకవేమో నాన్నగారూ."

"కొల్లేటి ఒడ్డున ఉండి పోగులకి వెతుక్కుంటామా అమ్మా" అని నెహెమ్యా గాలానికి కట్టే, గాజులా మెరిసే నైలాను తీగ చుట్టలు తెచ్చాడు. చెక్క అచ్చులో ఈ పక్కనుంచి ఆ పక్కకి వందల తీగలు బిగించి, సన్న ఇసుక, సిమెంటు కలిపి పోశాడు. వారం తడిపి, రెండు మొహాలూ అరగదీసి ఎండకెత్తి చూస్తే చుక్కలు చుక్కలుగా వెలుగు. మేస్త్రికి కాళ్ళు నేలమీద ఆనలేదు. అలాంటి దిమ్మలు పన్నెండు పోసి, గోడ పగలగొట్టి పేర్చేశాడు.

గోడ ఆరేదాకా సారమ్మ చేత పెరట్లో వండించి, పదో రోజు మిట్టమధ్యాహ్నం పాస్టరు జ్ఞానయ్యగారినీ, పాపారావునీ పిలిచి, వంటగదిలో బల్బు ఆర్పాడు. కటిక చీకటి. పిలిచిన పాపానికి అందరూ మర్యాదగా ఆ చీకట్లోకే చూస్తూ నిలబడ్డారు.

"ఏవండీ మేస్త్రిగారూ, వెలుగు ఎటునుంచి వస్తుందండీ?" అన్నాడు పాపారావు.

సారమ్మ గోడని చేత్తో నిమిరింది. "నున్నగా ఉందండీ. పూత పూశారా?"

పూశాడు. రెండువైపులా. ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి, గోడ లేచాక సిమెంటు పూసి మెరుగు పెట్టకపోతే చెయ్యి ఊరుకోదు. వెలుగు రావలసిన తీగల కొసలన్నీ తానే కప్పెట్టి, పైగా రోజూ శ్రద్ధగా నీళ్ళు కూడా కొట్టాడు. తనంత పనిమంతుడు జిల్లాలో లేడనుకున్నాడు.

ఆ పూత గీకడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దెక్కాక సారమ్మ బియ్యం చేట పట్టుకుని గోడ దగ్గర కూర్చుంది. నెహెమ్యా ఎదురుగా నిలబడ్డాడు. ఆమె ఒక రాయి ఏరింది. ఇంకొకటి ఏరింది. తర్వాత తలెత్తి మొగుడి వంక చాలాసేపు చూసింది.

"ఈ గదిలో పగటిపూట మీ మొహం చూడ్డం ఇదే మొదలండీ" అంది. "బాగా ముసలోరైపోయారు."

పూత ఉంటేనే నయమనిపించింది నెహెమ్యాకి. అయినా అక్కణ్ణించి కదల్లేదు.