క్రాసింగ్ రోజుల్లో అమ్మ చెప్పిన నొప్పి

పోయిన వారం నడుము పట్టేసి హైదరాబాదులో ఒక ఆసుపత్రికి వెళితే, డాక్టరును చూడకముందే ఒక కాగితం చేతికిచ్చి, సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతో గుర్తు పెట్టమన్నారు. పెన్ను పట్టుకుని కూర్చున్న నాకు, పాలిటెక్నిక్ ముగించి ఉద్యోగంలో చేరిన ఏడాది అమ్మను గద్వాలకు తీసుకెళ్లిన రోజు గుర్తుకొచ్చింది.

మాది ఇటిక్యాల దగ్గరి పల్లె. విత్తనాల కోసం సీడు పత్తి వేసే ఇల్లు. సాయంత్రం మొగ్గలు ఒలిచి, తెల్లారి వాటికి మగపూల పుప్పొడి అద్దే క్రాసింగ్ పని ఒక్కరోజు తప్పినా ఆనాటి కాయ పోయినట్టే కాబట్టి, పూత కాలంలో మా వైపు ఆడవాళ్లకు జ్వరం కూడా రాదు. అలాంటి రోజుల్లో అమ్మకు ఛాతీలో మంటగా ఉంటోందని అక్క ఫోన్ చేస్తే సెలవు పెట్టి వచ్చి, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎంతసేపు, తిన్నాకా తినకముందా అని ఒక కాగితం మీద గళ్లు గీసి, అమ్మనడిగి అన్నీ నింపాను. పదిలో ఎంత అంటే కాసేపు ఆలోచించి మూడు వేసుకోమంది.

గద్వాల ఆసుపత్రిలో తల నెరిసిన డాక్టరుగారు నా కాగితం ఓపికగా చదివి, గ్యాసు కావచ్చని మాత్రలు రాయబోయి, ఎందుకో ఆగి అమ్మ వైపు తిరిగారు.

“ఈ నొప్పొచ్చినంక ఏం పని బంద్ చేసినవమ్మా?”

“ఏం బంద్ చెయ్యలే సారూ. క్రాసింగ్ ఒక్కనాడు తప్పలే,” అంది అమ్మ, తన మీద నేరం మోపినట్టు. తర్వాత జర నెమ్మదిగా, “సాలు కొసకు పోయేలోపు రెండుసార్లు కూసుంట. కూసుంటే పోతది. పెండ్లికూతురు లెక్క కూసుంటుందని మా ఆడబిడ్డ నగుతది.”

ఆయన మాత్రల చీటీ పక్కన పెట్టి అప్పటికప్పుడు ఈసీజీ తీయించారు. మధ్యాహ్నానికల్లా అంబులెన్సులో కర్నూలు చేరాం. గుండె రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందని, సమయానికి వచ్చారని చెప్పి స్టెంటు వేశారు. మర్నాడు అమ్మ లేచి కూర్చున్నాక, మూడని ఎందుకు చెప్పావని అడిగాను.

“ఎక్కువ చెప్తే మంచంల పండవెడ్తరు గద బిడ్డా.”

ఆ డాక్టరుగారు రిటైరయ్యారు. పని గురించి అంత తీరిగ్గా అడిగిన డాక్టరు నాకు మళ్లీ కనబడలేదు. అమ్మ క్రాసింగ్ మానేసింది. ఇప్పుడు మోకాలు గుంజినా, పన్ను సలిపినా ఫోన్లో అరగంట చెబుతుంది, వింటుంటే నా గుండె తేలికవుతుంది. పూత కాలంలో మాత్రం నొప్పుల మాటే ఎత్తదు. మా చేలో కూలీలు మొగ్గలెట్లా ఒలుస్తున్నారో, ఏ సాలు వదిలేసిపోయారో, అదే చెబుతూ ఉంటుంది.